తాతయ్య కట్టిన కిటికీ లేని గది

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా అమ్మ వాళ్ల నాన్న యుద్ధం రోజుల్లో విశాఖ సముద్రం ఒడ్డున కాంక్రీటు పనికి వెళ్లానని చెప్పేవాడు. మేస్త్రీ వచ్చి ఊళ్లో కొంతమందిని రైలెక్కించాడట, ఏం పనో చెప్పలేదట. "మూరెడు మందం గోడలు, కిటికీ బదులు సన్నటి సందు. ఏటికిదని అడిగితే నీ పని సూసుకో అన్నారు, ఎవులితోటైనా చెప్తే జైలే అన్నారు" అనేవాడు. ఎప్పుడు తాతా అంటే, చిత్రభాను సంవత్సరం, బాంబులు పడ్డాక అనేవాడు. ఏం కడుతున్నాడో తెలియకుండా ఎవరైనా కడతారా అని మామయ్యలు నవ్వేవారు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. ఇందులో నిజముందా?

జవాబు: నిజమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది, మొదటి కారణం ఆ చిత్రభానే. మన పెద్దవాళ్లకు ఇంగ్లీషు తేదీలు గుర్తుండకపోయినా సంవత్సరం పేరు గుర్తుంటుంది. 1942 మార్చిలో ఉగాదితో చిత్రభాను మొదలైంది, మూడు వారాలు తిరక్కుండానే ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో జనం పిల్లల్ని, మూటల్ని పట్టుకుని లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. విజయనగరంలో మా అమ్మమ్మ వాళ్లింటి వసారాలో ఎవరెవరో వచ్చి తలదాచుకున్నారని చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో.

ఇక ఆ గది. శత్రువు సముద్రం మీంచి దిగితే లోపల కూర్చుని కాల్చడానికి కట్టే మందపాటి కాంక్రీటు గదిని పిల్‌బాక్స్ అంటారు, ఆ సందు తుపాకీ గొట్టం కోసం. యుద్ధకాలం నాటివి విశాఖ బీచ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. చూడనివాడు ఆ సందు గురించి అంత సరిగ్గా చెప్పలేడు.

జైలు మాట కూడా ఉత్త బెదిరింపు కాదు. 1939లో వచ్చిన భారత రక్షణ చట్టం కింద సైనిక పనుల సంగతి బయటపెడితే నేరమే. కూలీకి తన తట్ట, తన కంకర వరకే తెలియనిచ్చేవారు. ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లండ్ తీరంలో 1943, 44ల్లో వేలమంది పెద్ద పెద్ద కాంక్రీటు పెట్టెలు పోశారు, అవి దేనికో వాళ్లలో చాలామందికి తెలియదు. 1944 జూన్‌లో జర్మనీ మీద యుద్ధానికి బ్రిటన్, అమెరికా సేనలు ఫ్రాన్సులో దిగాక వాటిని సముద్రం మీద లాక్కెళ్లి, నార్మండీ ఒడ్డున వరసగా ముంచి ఓడరేవు చేశారు. మల్బరీ అంటారు దాన్ని. అక్కడ ఆరోమాంష్ అనే ఊరి దగ్గర ఆ ముక్కలు ఇంకా కనిపిస్తాయి. కాబట్టి మామయ్యల ప్రశ్నకు జవాబు, కడతారు, అలా కట్టినవాళ్లు వేలల్లో ఉన్నారు.

పాత కాగితాలు వెతకాలనుకుంటే శ్రీకాకుళం పేరుతో వెతక్కండి, 1950 దాకా మీ ఊరు విశాఖపట్నం జిల్లాలోదే, మద్రాసు ప్రెసిడెన్సీ కింద. కానీ కూలీల పేర్లు దొరుకుతాయని పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అంతకన్నా ముందు మామయ్యల్ని కూర్చోబెట్టి, తాతయ్యతో ఆ రైలెక్కింది ఎవరెవరో, ఏ ఇళ్లవాళ్లో అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి, వాళ్లకీ వయసు మీద పడుతోంది కదా. తర్వాత అందరూ కలిసి ఒక ఆదివారం విశాఖ వెళ్లి, ఆ గోడ మందం మూరతో కొలిచి చూడండి.