అడవి మాట: కొత్తగా వేట మొదలుపెట్టేవాడు ఏం కొనాలి?

ప్రశ్న: అయ్యా, మాది మైదుకూరు దగ్గర పల్లె. డిగ్రీ చదువుతున్నాను. మా పెదనాయన ఒకప్పుడు రాత్రిళ్లు కుందేళ్ల వేటకు పోయేవాడు. ఆ కథలు వింటూ పెరిగాను. సెలవుల్లో నేనూ నేర్చుకోవాలని ఉంది. ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదంటున్నారు. చేతిలో పదివేలున్నాయి. ఏ గన్ను, ఏ హెడ్‌లైటు కొనాలి? కౌజు పిట్టలకూ అదే సరిపోతుందా?

జవాబు: నాయనా, గన్ను కొనొద్దు. ముందు ఈ ముక్క చెప్పేసి మిగతాది మాట్లాడతాను.

లైసెన్సు గురించి నువ్వు విన్నది సగమే నిజం. 4.5 మి.మీ. గొట్టం, 20 జూళ్ల శక్తి దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అడగరు. అట్టముక్క పెట్టుకుని గురి నేర్చుకునేంత వరకే ఆ వెసులుబాటు. అడవి జంతువు మీదికి తిప్పావంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తావు. కుందేలు, కౌజు రెండూ ఆ చట్టం కాపాడేవే. చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు పెట్టినా, పట్టబోయినా వేట కిందే లెక్క. 2022 సవరణ తర్వాత మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నెమలి లాంటివైతే శిక్ష మూడేళ్ల నుంచి మొదలై ఏడేళ్ల దాకా పోతుంది. పట్టుబడితే గన్నుతో పాటు ఎక్కిపోయిన బండి కూడా పోతుంది, అది మీ నాన్నదైనా సరే. నేను ఫారెస్టులో పనిచేసిన రోజుల్లో రేంజి ఆఫీసు వరండాలో నీ ఈడు పిల్లలను, వాళ్ల కోసం ఏడుస్తూ వచ్చిన తల్లులను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

అయితే మీ పెదనాయన కథల్లో నిన్ను పట్టుకున్నది కుందేలు కూర కాదని నాకనిపిస్తోంది. చప్పుడు చేయకుండా నడవడం, అడుగుజాడను బట్టి జంతువును చెప్పడం, చీకట్లో మెరిసే కళ్లను పోల్చుకోవడం గొప్ప విద్య. మన వైపు పొదల్లో తిరిగే అరుదైన పిట్ట కలివికోడి సంగతే చూడు. జెర్డాన్ అనే ఆయన 1848లో దాని గురించి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. ఇక లేదనే అనుకున్నారు. శాస్త్రవేత్తలు బొమ్మలు పట్టుకుని మన ఊళ్లలో అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర టార్చి వెలుతుర్లో దాన్ని పట్టింది ఒక ఊరి వేటగాడే. ఆ పిట్ట ఎన్నో రోజులు బతకలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధే. తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య సన్నమట్టి పరిచి, పొద్దున్నే అడుగుజాడలు వెతికారు. కెమెరాలు అమర్చారు. పిట్టను ముట్టుకోకుండానే అది ఎక్కడెక్కడ తిరుగుతోందో కనిపెట్టారు. మీ పెదనాయన దగ్గర కూర్చుని ముందు ఆ జాడల చదువు నేర్చుకో.

నీ పదివేలు బైనాక్యులర్‌కు పెట్టు. 8×42 అని రాసి ఉన్నది తీసుకో. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 42ను 8తో భాగిస్తే అయిదు పైచిలుకు వస్తుంది. అంత మందం వెలుతురు కంట్లో పడుతుందన్నమాట. మసక చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున పిట్టలు చూసేవాడికి ఇది ముఖ్యం. జేబులో పట్టే 10×25లో రెండున్నరే. అంగట్లో ముప్పై రెట్లు, యాభై రెట్ల జూమ్ అని చూపిస్తారు, ఆశపడకు. పది దాటితే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు పెరిగి బొమ్మ నిలవదు. ఈ ధరలో నిటారు గొట్టాల రకం కంటే భుజాలు వెడల్పుగా ఉండే పాత పద్ధతి పోరో రకమే బొమ్మ తేటగా చూపిస్తుంది, కొంచెం బరువైనా సరే.

కొనే ముందు అంగడి బయటికొచ్చి దూరంగా ఉన్న బోర్డు చదివి చూడు. అక్షరాలు రెండుగా కనిపించినా, కాసేపటికి తల నొప్పెట్టినా తిరిగిచ్చెయ్. కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి సరిచేసుకో, తర్వాత ఎడమ కన్ను మూసి కుడివైపున్న చిన్న రింగు తిప్పు. చాలామంది ఈ రెండో పని చేయక, వస్తువు బాగాలేదని మూలన పడేస్తారు. కళ్లజోడు ఉంటే రబ్బరు కప్పులు కిందికి దించుకో.

హెడ్‌లైటు మామూలుది చాలు, దారి చూసుకోవడానికే. రక్తపింజర తిరిగే నేల మనది, చీలమండ కప్పే బూట్లు వేసుకో.

లంకమల అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోవద్దు. మొదట్లో బ్రహ్మంసాగర్ గట్టు, మీ ఊరి చెరువు, కోతలైన చేలు చాలు. కౌజు కనబడకముందే కూత వినబడుతుంది, ఆ దిక్కుకు తిరిగి కదలకుండా నిలబడు. ఏ పిట్ట, ఎన్ని, ఏం తింటున్నాయి, టైమెంత, అన్నీ నోటుబుక్కులో రాసుకో. ఏ పిట్టో తేలకపోతే ఆ పేజీ ఫొటో తీసి ఈ శీర్షికకే పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.