ట్రక్స్‌టన్ నావికులను గని కార్మికులు కాపాడారు

శత్రువు దాడి లేకుండా, కేవలం తుఫాను వల్ల యుద్ధనౌకలు ఒడ్డుకు కొట్టుకుని పగిలిపోయిన సందర్భాలు ఉన్నాయా, ఉంటే తప్పు ఎవరిది అని అడిగారు. సరుకు ఓడల్లో డెక్ అధికారిగా పనిచేసినవాణ్ణి కనుక ఈ మాట ఎత్తగానే నాకు ట్రక్స్‌టన్ గుర్తొస్తుంది.

1942 ఫిబ్రవరి 18. అమెరికా డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే యుద్ధనౌకలు) ట్రక్స్‌టన్, విల్క్స్, సరఫరా నౌక పోలక్స్, ఇప్పుడు కెనడాలో ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని అర్జెన్షియా స్థావరానికి వెళుతూ తెల్లవారకముందే మూడూ తీరాన్ని ఢీకొన్నాయి. విల్క్స్ బయటపడింది. మిగతా రెండు నౌకల్లో 203 మంది చనిపోయారు. విచారణలో అధికారులను తప్పుపట్టారు. నేను ఒప్పుకోను. జలాంతర్గాముల భయంతో రేడియో వాడకుండా, దారి మార్చుకుంటూ వంకరటింకరగా నడుస్తున్నారు. మంచు తుఫానులో నక్షత్రం కనబడదు, ప్రవాహమేమో ఉత్తరానికి నెడుతోంది. అలాంటి రాత్రి వేగాన్నీ గడిచిన సమయాన్నీ లెక్కగట్టి చార్టు మీద పెట్టే గుర్తు ఉత్త అంచనా. ఓడను నడిపించే బ్రిడ్జి గదిలో నిలబడినవాళ్లకే అది తెలుస్తుంది.

చాంబర్స్ కోవ్ అనే చిన్న అఖాతంలో ట్రక్స్‌టన్ ట్యాంకులు పగిలి నీళ్లంతా ఇంధన నూనెతో నిండిపోయాయి. ఒకసారి మా ఓడలో ఆ నూనె ఎక్కించుకుంటుండగా గొట్టం జాయింటు కారి నా మోచేతుల దాకా అంటింది. కిరోసిన్ పెట్టి రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు దిగలేదు. చలికి అది ముదురు పాకంలా గట్టిపడుతుంది. కళ్లలోకి, గొంతులోకి అదే పోతుంటే ఫిబ్రవరి సముద్రంలో ఈదడమంటే ఏమిటో ఆలోచించండి.

ఒక నావికుడు నిటారు కొండ ఎక్కి ఐరన్ స్ప్రింగ్స్ గనికి చేరి కబురు చెప్పాడు. అక్కడి సెయింట్ లారెన్స్ ఊరి గని కార్మికులు పని ఆపేసి తాళ్లతో పరుగెత్తుకొచ్చారు, ప్రాణమున్నవాళ్లను కొండపైకి లాగారు. ఆడవాళ్లు వాళ్లకు నూనె కడిగారు. బతికినవాళ్లలో లానియర్ ఫిలిప్స్ అనే నల్లజాతి యువకుడున్నాడు. అప్పట్లో ఆ నౌకాదళంలో అతని వంటివారికి వడ్డన పనే. ఆ ఊరి మహిళ వయొలెట్ పైక్ ఎంత తోమినా నలుపు పోలేదు. అది నా ఒంటి రంగేనని అతను చెప్పాడు. ఆమె అతన్ని తన ఇంటికి తీసుకెళ్లి చూసుకుంది. తెల్లజాతివారు తనను మనిషిగా చూడటం అదే మొదటిసారని అతను జీవితాంతం చెప్పుకున్నాడు. తర్వాత అమెరికా నౌకాదళంలో తొలి నల్లజాతి సోనార్ (నీటిలో శబ్దంతో జలాంతర్గాముల్ని పసిగట్టే పరికరం) నిపుణుడయ్యాడు.

మన పత్రికల్లో యుద్ధమంటే ఫిరంగులు, సేనాపతులే. ఈ కార్మికుల ఊసు ఎక్కడా ఉండదు. మన తీరంలోనూ తుఫానులో తోటివారిని ఒడ్డుకు చేర్చిన మత్స్యకారుల పేర్లు ఎన్ని అచ్చవుతున్నాయి?

కృతజ్ఞతగా అమెరికా కట్టించిన ఆస్పత్రి 1954లో సెయింట్ లారెన్స్‌లో తెరుచుకుంది. కానీ సరిగా గాలి ఆడని ఆ ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం తవ్వే గనుల్లో అప్పటికే ఏళ్ల తరబడి దుమ్ము పీల్చిన కార్మికులకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది, రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. నౌకాధికారుల తప్పులు వెతికిన శ్రద్ధలో సగం ఆ గనుల మీద పెట్టి ఉంటే ఎంతమంది బతికేవారో!