కచేరీ లైవ్‌లో తెర మీద అక్షరాలు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మీ టీచరుగారి శిష్యులంతా కలిసి ఎంవీపీ కాలనీలో హాలు తీసుకుని త్యాగరాజ ఆరాధన చేస్తున్నారనీ, యూట్యూబ్ లైవ్ పని నీకు అప్పజెప్పారనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన డిజైన్లు మూడూ చూశాను. రంగులు బాగా కుదిరాయి. కానీ చుట్టూ బంగారు అంచు, మూలన తిరిగే వీణ, కింద పరుగెత్తే అక్షరాలు, వీటన్నిటి మధ్య పాడే మనిషి బాగా చిన్నగా అయిపోయింది. లోకల్ కేబుల్ ఛానల్‌లో ఏళ్ల తరబడి టైటిల్స్ వేసినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

డిజైన్ ముట్టుకునే ముందు వేదికని తలుచుకో. గాయని మధ్యలో ఉంటుంది. ఆవిడ కుడిపక్క మృదంగం, ఎడమపక్క వయొలిన్. అంటే కెమెరాలో మృదంగం మనకి ఎడమవైపు పడుతుంది. అందరూ కిందే కూర్చుంటారు కాబట్టి చేతులన్నీ తెర కింది భాగంలోనే ఆడతాయి. న్యూస్ ఛానళ్లు పేరు పట్టీ వేసే చోటూ సరిగ్గా అదే, ఎడమవైపు కింద. నీ మూడు డిజైన్లలోనూ పట్టీ అక్కడే ఉంది.

ఒకసారి దసరా కచేరీలో నేనూ అక్కడే వేశాను. పాట పేరు వేసి, తియ్యకుండా వైర్ల సంగతి చూసుకుంటూ ఉండిపోయాను. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొత్తం ఆ పట్టీ కిందే నడిచింది. మర్నాడు ఆ మృదంగం అబ్బాయి వాళ్లమ్మగారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, "బాబూ, మావాడి చేతులు కనపడలేదు" అన్నారు. కోప్పడలేదు, అంతమాత్రమే అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకని కెమెరా పట్టుకునే అబ్బాయితో ముందే మాట్లాడుకో. వైడ్ షాట్‌లో కింద అయిదో వంతు తివాచీ మాత్రమే కనపడేలా ఫ్రేమ్ పెట్టమను. కాన్వాస్, అంటే మొత్తం తెర కొలత, 1920×1080 అనుకుంటే ఆ భాగం 216 పిక్సెల్స్ ఎత్తు వస్తుంది. అంచుల్లో అయిదు శాతం, అంటే పక్కల 96, కింద 54 పిక్సెల్స్ ఏమీ రాయకుండా వదిలెయ్యి. కొన్ని టీవీలు అంచులు కోసేస్తాయి, ఫోన్‌లో వేలు తగిలితే ప్లేయర్ గీత అక్కడికే వస్తుంది. మిగిలిన చోట రెండు వరుసలు చక్కగా పడతాయి. క్లోజప్‌లో పట్టీ వెయ్యకు. తని మొదలైతే తెర మీద ఏదీ ఉండకూడదు, మీ లోగోతో సహా.

పట్టీ ఎప్పుడు వెయ్యాలన్నది కూడా ఆలోచించుకో. ఆలాపన మొదలవగానే రాగం పేరు వేసేస్తే, ఇంట్లో కూర్చుని "ఇది కాంభోజా, హరికాంభోజా" అని పోల్చుకునే వాళ్ల ఆనందం మనం లాగేసుకున్నట్టే. కళాభారతి హాల్లో వెనక వరుసల్లో కూర్చుని మీ తాతగారూ నేనూ చేసిన పని అదేగా! పల్లవి ఎత్తుకున్నాక, తాళం రెండో చుట్టు తిరుగుతున్నప్పుడు వెయ్యి. కీర్తన, రాగం, తాళం చాలు. ఆరాధనలో ప్రతి పాటకీ కింద త్యాగరాజు అని రాయక్కర్లేదు. పది పన్నెండు సెకన్లు ఉంచి తీసెయ్. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో, 27వ వెర్షన్ నుంచి ఒక్కో సోర్స్‌కి, అంటే తెర మీద పెట్టే ఒక్కో బొమ్మకీ, అక్షరాలకీ విడిగా ఫేడ్ పెట్టుకోవచ్చు. అరసెకను ఫేడ్‌తో వచ్చి, అరసెకనులో పోతే కంటికి హాయిగా ఉంటుంది.

ఇక తెలుగు అక్షరాలు. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. ఆహ్వానపత్రిక డీటీపీ షాపులో చేయించారు కదా, ఆ ఫైలు అను ఫాంట్లలో ఉంటుంది. అది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి, కాదు. అందులోంచి పేర్లు కాపీ చేసి ఓబీఎస్‌లో పెడితే అర్థంకాని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చుకో, మార్చాక ఒక్కో పేరూ కళ్లతో చదువు. కళాకారులు తమ పేరు ఎలా రాసుకుంటారో వాళ్లనే అడుగు. ఇంటిపేరులో దీర్ఘం పోయినా వాళ్లకి చివుక్కుమంటుంది.

పాత ఫొటోషాప్ వెర్షన్లలో ఇంకో చిక్కుంది. దక్షిణాసియా భాషల సెట్టింగ్ ఆన్ చెయ్యకపోతే వత్తులు విడిపోయి ఖరహరప్రియ కాస్తా "ఖరహరప్‌రియ" అవుతుంది. ఆ తరవాత, ఇంగ్లీషు కోసం చేసిన పట్టీలో తెలుగు ఇరుకుతుంది. మన అక్షరానికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. "ముత్తుస్వామి దీక్షితార్" అని రాసి చూడు. త్తు, స్వా, క్షి, మూడు చోట్ల వత్తులు కిందికి దిగుతాయి. ఆ వత్తు తెగకుండా కనపడిందంటే నీ పట్టీ ఎత్తు సరిపోయినట్టు. కీర్తన పేరుకి 60 పిక్సెల్స్, రాగం తాళం వరుసకి 44 కంటే తగ్గకు. సన్నగీత ఫాంట్లు తెర మీద అలుక్కుపోతాయి. పాట పేరుకి రామభద్ర, కింది వరుసకి మండలి నా ఎంపిక, రెండూ ఉచితమే. ముదురు మెరూన్ పట్టీ మీద మీగడరంగు అక్షరాలు పెట్టు. వెనక ఫ్లెక్సీ ఏ రంగులో ఉన్నా అవి నిలబడతాయి.

తిరిగే వీణ తీసేయమనడానికి ఇంకో కారణం ఉంది. హాల్లో నెట్ అంతంతమాత్రం, 720పీలో ఏ మూడు నాలుగు ఎంబీపీఎస్‌తోనో పంపుతావు. తెర మీద ఏది కదిలితే, వీడియోని కుదించి పంపే ఎన్‌కోడర్ దాని మీదే ఎక్కువ డేటా ఖర్చుపెడుతుంది. మూలన వీణ తిరుగుతూ ఉంటే గాయని ముఖం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

త్యాగరాజు పంచరత్న కీర్తనలకి వరస మారదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, అయిదూ ఆదితాళమే. ఆ అయిదు పట్టీలూ ఇంట్లోనే పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ బొమ్మలుగా చేసి, ఒక్క మీట నొక్కితే వచ్చేలా హాట్‌కీలకి కట్టుకో. బొమ్మ అయితే ఆఖరి నిమిషంలో వేరే లాప్‌టాప్ పట్టుకొచ్చినా ఫాంటు లేదన్న టెన్షన్ ఉండదు. విడి కచేరీల్లో మాత్రం పాట అక్కడికక్కడే మారిపోతుంది. వాటి కోసం ఖాళీ పట్టీ ఒకటి, దాని మీద నోట్‌ప్యాడ్ ఫైలు నుంచి చదివే టెక్స్ట్ సోర్స్ ఒకటి సిద్ధంగా ఉంచు. స్టూడియో మోడ్‌లో పెట్టుకుంటే, ముందు నువ్వు చూసుకున్నాకే జనానికి వెళ్తుంది. తంబురా వెనక కూర్చునే శిష్యురాలితో స్నేహం చేసుకో. తరవాత పాట ఏదో సైగ చేసేది ఆవిడే.

విరాళాలిచ్చిన వాళ్ల లోగోలు పాట మధ్యలో వెయ్యమని కమిటీవాళ్లు అడుగుతారు. మర్యాదగా కాదను. మొదలవడానికి ముందు వచ్చే తెర మీద, విరామంలో పెద్దగా చూపిస్తానని చెప్పు. ఆ తెరకి ఎవరి రికార్డింగూ పెట్టకు, కాపీరైట్ గొడవ వస్తుంది. మీ తంబురా శ్రుతే రికార్డు చేసి పెట్టుకో. అమెరికాలో మీ అన్నయ్యకి మన సాయంత్రం ఆరంటే పొద్దున్న ఏడున్నర, ఆ టైం కూడా తెర మీద వెయ్యి. కొత్త ఛానల్‌కి లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుంది, ఇవాళే అడిగి పెట్టు.

ఆదివారం లాప్‌టాప్ తీసుకుని పెదవాల్తేరు రా. అమ్మని కూడా తీసుకురా. పట్టీ వేసి ఫోన్ ఆవిడ చేతికిచ్చి, కళ్లజోడు లేకుండా చదవమందాం.

ఇట్లు,
మావయ్య