35 గంటల శిక్షణ పూర్తయినా డ్రైవర్ సీపీసీ కార్డు రాకపోతే: సమాధానం

బ్రిటన్‌లో లారీ, బస్సు వృత్తిగా నడపడానికి కావలసిన అర్హత డ్రైవర్ సీపీసీ. దాని 35 గంటల శిక్షణకు ఐదు కోర్సులూ పూర్తి చేసినా కొత్త కార్డు రాలేదని, ఏం చేయాలని మీరు అడిగారు. ఆ కోర్సుల్లో ఏదో ఒకటి డీవీఎస్‌ఏ (డ్రైవర్ల పరీక్షలు, ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) రికార్డులోకి ఎక్కకపోయి ఉండవచ్చు.

1. ముందుగా డీవీఎస్‌ఏ ఆన్‌లైన్ సేవలో మీ శిక్షణ గంటలు చూసుకోండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. శిక్షణ కేంద్రం ఇచ్చిన హాజరు పత్రం ఫైల్లో భద్రంగా ఉన్నంత మాత్రాన గంటలు జమ కావు. కేంద్రం వాటిని 5 పనిదినాల్లోగా నమోదు చేయాలి, లైసెన్స్ నంబరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అవి మీ పేరు మీద కనబడవు. అందువల్ల ప్రతి కోర్సు తేదీనీ, గంటలనూ మీ పత్రాలతో వరుసగా సరిపోల్చుకోండి.

2. లోటు కనబడితే, ఆ కోర్సు నిర్వహించిన కేంద్రానికే తేదీ, లైసెన్స్ నంబరు రాసి సరిదిద్దమని కోరండి.

3. ఒక్కో కోర్సు చేసిన రోజు నుంచి 5 ఏళ్లు మాత్రమే చెల్లుతుంది. చివరి కోర్సు ఆలస్యమైతే తొలి కోర్సు గంటలు లెక్కలోంచి పోయి ఉండవచ్చు.

4. గంటలు సరిగానే ఉంటే, లైసెన్స్‌పై ఉన్న చిరునామా చూడండి. కార్డు అక్కడికే వస్తుంది. ఇల్లు మారి లైసెన్స్ మార్చుకోనివారి కార్డు పాత గుమ్మానికే చేరుతుంది.

ఐరోపాకు బండి తీసుకెళ్లేవారైతే, 2024 డిసెంబరు 3 నుంచి వచ్చిన, బ్రిటన్‌లో మాత్రమే చెల్లే నేషనల్ సీపీసీ కోర్సులు అందుకు పనికిరావని గమనించండి. కార్డు గడువు ముగిసి, 35 గంటలు పూర్తికాకుండా వృత్తిగా లారీ, బస్సు నడిపితే 1,000 పౌండ్ల వరకు జరిమానా పడవచ్చు.