పాప గుండెలో రంధ్రం: ఎవరి మాట వినాలి?

మీ నాలుగు నెలల పాపకు వీఎస్‌డీ (గుండె కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం) ఉందని, ఒక డాక్టర్ ఆగుదామంటే మరొకరు ఆపరేషన్ అంటున్నారని రాశారు. రెండూ తప్పు కాకపోవచ్చు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. పెద్దదైతే సాధారణంగా ఏడాదిలోపే ఆపరేషన్ చేస్తారు. ఆ సైజు తేల్చాల్సింది పిల్లల గుండె నిపుణులే, పెద్దల కార్డియాలజిస్టు కాదు. పిల్లల గుండె సర్జన్ కూడా ఉన్న ఆసుపత్రికే వెళ్లండి, ఇద్దరూ కలిసి నిర్ణయిస్తారు.

ఎకో (గుండె స్కాన్) రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా వీడియో కూడా అడిగి తీసుకోండి. బరువు ఎప్పుడెంతుందో రాసి పెట్టండి. పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆగి ఆయాసపడుతుంటే, నుదురు చెమటతో తడుస్తుంటే ఫోన్‌లో తీసి చూపించండి. మాటల్లో చెప్పడం కంటే అదే నయం. టీకాల సంగతి మీ పిల్లల డాక్టరే చూసుకుంటారు. పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేకపోయినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.