శాతం అన్నవాణ్ని ‘దేని మీద?’ అని అడగండి

బడిలో చదివిన లెక్కల్లో బతుక్కి పనికొచ్చే పాఠం ఏదైనా దొరికిందా అని అడిగారు. దొరికింది, కానీ ముందుగా ఒక విన్నపం. సంతోషాలను కూడుకోవాలి, బాధలను తీసివేయాలి అంటూ పొద్దున్నే పూలబొమ్మల మీద వాట్సాప్‌లో వచ్చే సూక్తులను దయచేసి లెక్కల ఖాతాలో రాయకండి. బాధ రుణసంఖ్యే అయితే రెండు బాధలను గుణిస్తే సంతోషం రావాలి. వచ్చిందా ఎవరికైనా?

నాకు దొరికింది ఒక్క ప్రశ్న. ఎవరు ‘శాతం’ అన్నా ‘దేని మీద?’ అని అడగడం. అది కూడా నాకు బడిలో కాదు, బండ్ల షోరూములో తెలిసింది.

తమ్ముడు బండి కొంటున్నాడని నేనూ, మా పెద్దమ్మా వెంట వెళ్లాం. చేతిలో ఉన్నది పోను అరవై వేలు తక్కువైంది. మూలన బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్స్ కుర్రాడు క్యాలిక్యులేటర్ మీద టకటకా నొక్కి మావైపు తిప్పాడు. “నూటికి రూపాయి వడ్డీయే సార్, ఏడాదికి 12 శాతం. రెండేళ్లకు వడ్డీ 14,400. అసలుతో కలిపి 74,400. నెలకు 3,100 చొప్పున 24 వాయిదాలు.” తమ్ముడు ఇంజనీరింగ్ చదివాడు. బారువడ్డీ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లెక్క సూత్రానికి సరిపోయింది కనుక పెన్ను తీశాడు.

పెద్దమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. కానీ ఊళ్లో పొదుపు సంఘం పుస్తకాలన్నీ ఆమే రాస్తుంది. కళ్లజోడు పైకి నెట్టుకుని, “బాబూ, ఏడాది తిరిగేసరికి వీడు 37,200 కట్టేస్తాడు. అందులో అసలు ముప్పై వేలు తీరిపోతుంది కదా. మరి రెండో ఏడు కూడా అరవై వేలకే వడ్డీ వేశావేమిటి?” అంది.

“అది ఫ్లాట్ రేటండీ, అందరికీ ఇంతే.”

“మా సంఘంలో మిగిలిన అసలు మీదే వేస్తాం నాయనా.”

ఆ కుర్రాడు మేనేజరు కోసం చుట్టూ చూశాడు. తమ్ముడు పెన్ను మూత పెట్టేశాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసి చూశాను. నెలనెలా తగ్గే అసలు మీద లెక్క కడితే వాళ్లు చెప్పిన 12 శాతం నిజానికి 21.6 శాతం. ఊరి భాషలో రూపాయి వడ్డీ కాదు, రూపాయి ఎనభై పైసలు. నిజంగా రూపాయి వడ్డీయే అయితే వాయిదా 2,825 రూపాయల లోపే, మొత్తం వడ్డీ 7,800 లోపే. బండి అక్కడే కొన్నాం. అప్పు మాత్రం బ్యాంకులో తీసుకున్నాం.

ఇంతకీ నా కోపం ఆ కుర్రాడి మీద కాదు. మా చేత ఆ సూత్రాన్ని వందసార్లు రాయించి, నెలనెలా తీరుతున్న అప్పుకు అది వర్తించదని ఒక్కసారైనా చెప్పని చదువు మీద. ఒక కుళాయి నింపుతుంటే ఇంకొకటి ఖాళీ చేసే తొట్టి లెక్కలు మాత్రం తెగ చేయించారు. రెండు కుళాయిలూ ఒకేసారి విప్పిన ఆ మహానుభావుడు ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆషాఢం తగ్గింపుల్లోనూ ఇదే ప్రశ్న. ‘50 శాతం, దానిపై మరో 20 శాతం’ అని బోర్డు పెడితే జనం 70 అనుకుని ఎగబడతారు. వెయ్యి రూపాయల చీర ముందు 500 అవుతుంది, ఆ తర్వాతి 20 శాతం ఆ 500 మీదే. కట్టేది 400. తగ్గింది 60 శాతమే. బోర్డు రాసినవాడు అబద్ధమేమీ ఆడలేదు, కూడుకున్నది మనమే.

అప్పు తీసుకునేవాళ్లకు ఒక సంగతి. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త వ్యక్తిగత, గృహ, వాహన రుణాల వంటివాటికి ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని, అందులో ఖర్చులు కూడా కలిపిన వార్షిక రేటు చూపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. సంతకాల కాగితాల కట్టలోంచి ముందు దాన్ని తీయించి చదవండి. బండి రంగు తర్వాత ఎంచుకోవచ్చు.