గ్రాఫ్ మీట నొక్కే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటే బాగా టెన్షన్ పడుతున్నావని తెలిసింది. అన్నయ్య డల్లాస్‌లో చదువుకునేటప్పుడు వాడిన టీఐ-84 ప్లస్, అదే గ్రాఫ్‌లు గీసే ఆ కాలిక్యులేటర్, నీ చేతికొచ్చి నెల దాటింది. ఇన్ని మీటలు, ఒక్కోదాని మీద మళ్లీ రంగు రంగుల అక్షరాలు, ఏది నొక్కితే ఏమవుతుందోనని బ్యాగులోంచి తియ్యడమే మానేశానన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. దాన్ని ఆన్ చేసి పక్కన పెట్టుకుని చదువు.

ముందే ఒకటి తెలుసుకో. ఇది నీ పరీక్ష హాల్లోకి రాదు. మన దగ్గర ప్రోగ్రామ్ రాసుకునే వీలున్న కాలిక్యులేటర్లను సాధారణంగా పరీక్షల్లో అనుమతించరు. రేపు గేట్ రాసినా కంప్యూటర్ తెర మీద వాళ్లిచ్చిందే వాడాలి. అమెరికాలో చాలా కాలేజీల్లో ఆల్జీబ్రా, కాలిక్యులస్ కోర్సులకు ఇది కావాలంటారు, అందుకే అన్నయ్య కొన్నాడు. నీకు మాత్రం ఇది ఫంక్షన్‌ను కళ్లతో చూడటానికి పనికొస్తుంది. అది చిన్న లాభమేమీ కాదమ్మా.

1985లో నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక్క వక్రం గీయాలంటే లాగ్ టేబుల్స్ ముందేసుకుని, పదిహేను ఇరవై బిందువులు లెక్కగట్టి, గ్రాఫ్ షీటు మీద పెన్సిల్‌తో కలిపేవాళ్లం. సరిగ్గా ఆ ఏడాదే కాసియో కంపెనీ మొట్టమొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను అమ్మకానికి తెచ్చిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాకు ఒక సాయంత్రమంతా పట్టిన పని నీకు కొన్ని సెకన్లలో అయిపోతుంది. మిగిలిన ఆ సాయంత్రాన్ని ఆలోచించడానికి వాడుకో.

అన్ని మీటలూ నేర్చుకోవాలని కూర్చోకు. తెర కింద వరసగా అయిదు ఉన్నాయి చూడు: వై ఈక్వల్స్, విండో, జూమ్, ట్రేస్, గ్రాఫ్. వాటికి తోడు సెకండ్, మోడ్. మొదటి నెలకు ఇవి చాలు. మైనస్‌లు మాత్రం రెండున్నాయి. ఎంటర్ పక్కన బ్రాకెట్‌లో ఉన్నది రుణ సంఖ్యకు, కుడి వరసలో ఉన్నది తీసివేతకు. ఒకదాని బదులు ఇంకోటి నొక్కితే చాలాసార్లు సింటాక్స్ ఎర్రర్ అంటుంది. మైనస్ 3 స్క్వేర్ అని కొడితే మైనస్ 9 చెబుతుంది, 9 కావాలంటే మైనస్ 3ని బ్రాకెట్లలో పెట్టాలి. బ్రాకెట్ల దగ్గర పిసినారితనం వద్దు.

అసలు సంగతి విండోలో ఉంది. వై ఈక్వల్స్‌లో ఎక్స్ స్క్వేర్ మైనస్ 30 ఎక్స్ ప్లస్ 200 అని కొట్టి, జూమ్ 6 నొక్కు. కుడివైపు అంచున కిందికి జారే చిన్న గీత తప్ప ఏమీ కనపడదు. చాలామంది అక్కడే మిషన్ పాడైందనుకుంటారు, లేదా ఆ గీతే గ్రాఫ్ అనుకుంటారు. రెండోది మరీ ప్రమాదం. జూమ్ 6 అంటే రెండు అక్షాల మీదా మైనస్ 10 నుంచి 10 వరకే చూపిస్తుంది. మా వంటింటి కిటికీలోంచి చూస్తే రెండు మేడల మధ్య సముద్రం ఒక నీలం పట్టీలా కనిపిస్తుంది. కైలాసగిరి ఎక్కితే అదే సముద్రం అటు రుషికొండ నుంచి ఇటు డాల్ఫిన్స్ నోస్ దాకా కనిపిస్తుంది. ఎక్కడ నిలబడి చూడాలన్నది నువ్వు ఎంచుకోవాలి, మిషన్ ఎంచదు.

ఎలా ఎంచుకోవాలంటావా? కాగితం తియ్యి. వర్గం పూర్తి చేస్తే ఎక్స్ మైనస్ 15 హోల్ స్క్వేర్ మైనస్ 25 వస్తుంది. అంటే కనిష్ఠ విలువ మైనస్ 25, అది ఎక్స్ 15 దగ్గర. మూలాలు 10, 20. ఇప్పుడు విండోలో ఎక్స్‌ను 0 నుంచి 30 వరకు, వైని మైనస్ 30 నుంచి 50 వరకు పెట్టి గ్రాఫ్ నొక్కు. దోసిలి పట్టినట్టు చక్కటి పారాబోలా వస్తుంది. ముందు కాగితం మీద ముతకగా ఒక బొమ్మ గీసుకుని, తర్వాతే గ్రాఫ్ మీట నొక్కు. రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో వెతుకు. ఆ వెతుకులాటలోనే లెక్కలు వస్తాయి. ముప్పై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన దాన్ని, ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

కోణాలు కొలిచే రేడియన్లు, డిగ్రీల సంగతి మోడ్‌లో ఉంటుంది. కాలిక్యులస్ చేసినంతకాలం రేడియన్‌లోనే ఉంచు. మన సముద్రంలో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. ఎత్తు అర మీటరు అనుకుని, 0.5 సైన్ ఆఫ్ 2 పై (π) ఎక్స్ బై 12.42 కొట్టు. ఎక్స్ 0 నుంచి 24, వై మైనస్ 1 నుంచి 1. రేడియన్‌లో ఉంటే రోజుకు దాదాపు రెండు అలలు కనిపిస్తాయి. డిగ్రీల్లో ఉంటే ఆటూ లేదు, పోటూ లేదు, అక్షానికి అతుక్కున్నట్టు ఒక గీత. ఒక్కసారి రెండూ చూశావంటే ఆ పొరపాటు మళ్లీ చెయ్యవు.

ఇంకో ప్రయోగం చెయ్యి, ఇది నాకు చాలా ఇష్టం. సైన్ 30 ఎక్స్‌ను జూమ్ 6లో గియ్యి. మైనస్ 10 నుంచి 10 మధ్య నిజానికి సుమారు 95 అలలు ఉండాలి. నీ తెర మీద ఒకటిన్నర అల తీరుబడిగా కదులుతూ కనిపిస్తుంది. ఎందుకంటే మిషన్ వక్రాన్ని గీయదు. గ్రాఫ్ గీసే చోట ఉన్న 95 నిలువు వరసల్లో ఒక్కోదాని దగ్గర విలువ కట్టి, ఆ చుక్కల్ని కలుపుతుంది. వరసకూ వరసకూ మధ్య దూరం 0.21. ఆ సందులో దాదాపు ఒక అల పూర్తిగా దాటిపోతుంది. ట్యూబ్‌లైట్ కింద వేగంగా తిరిగే ఫ్యాన్ రెక్కలు ఒక్కోసారి నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తాయే, అలాంటిదే.

డెరివేటివ్, అంటే ఒక బిందువు దగ్గర వక్రం వాలు, దాని దగ్గర కూడా జాగ్రత్త. ఒకసారి క్లాసులో ఒక కుర్రాడు లేచి, మాడ్ ఎక్స్‌కు (మైనస్ గుర్తు తీసేసిన ఎక్స్ విలువకు) 0 దగ్గర డెరివేటివ్ 0 అన్నాడు. లేదు, అక్కడ డెరివేటివ్ లేదన్నాను. అమెరికా నుంచి వచ్చిన కాలిక్యులేటర్ చూపించాడు, అందులో 0 అనే ఉంది. ఆ పూట నా దగ్గర జవాబు లేదు. అతని దగ్గర మాన్యువల్ అడిగి తీసుకుని రాత్రంతా చదివాను. మ్యాథ్ మీటలో డెరివేటివ్ కట్టే ఎన్‌డెరివ్ అనే ఆదేశం, బిందువుకు అటు 0.001, ఇటు 0.001 దూరంలో విలువలు తీసుకుని వాటి తేడాను మధ్య దూరంతో భాగిస్తుంది. మాడ్ ఎక్స్‌కు రెండు వైపులా ఒకే విలువ, తేడా సున్నా. ఎడమ వాలు మైనస్ 1, కుడి వాలు 1 అన్న సంగతి దానికి తెలియదు. మర్నాడు 1 బై ఎక్స్‌కు 0 దగ్గర అడగమన్నాను. ఫంక్షనే లేని చోట అది పది లక్షలు అని చెప్పింది! ఆ రోజు క్లాసంతా లిమిట్ అంటే ఏమిటో అర్థం చేసుకున్నారు. ఆ ప్రశ్న వేసినందుకు ఆ పిల్లవాడి మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

నాలుగు సన్న పెన్సిల్ సెల్స్ పడతాయి. సెలవుల్లో వాడకపోతే తీసి ఉంచు, కారితే మిషన్ పోతుంది. అంకెలు వెలవెలబోతే సెకండ్ నొక్కి పై బాణం నొక్కు. ఏదో నొక్కేసి అంతా తారుమారైతే మెమరీలో రీసెట్, అందులో డిఫాల్ట్స్.

ఆదివారం గాజువాక నుంచి బయల్దేరి పది గంటలకల్లా వచ్చెయ్. ఎక్స్ క్యూబ్ మైనస్ 12 ఎక్స్‌ను కాగితం మీద గీసుకుని రా, శిఖరం ఎక్కడో, లోయ ఎక్కడో గుర్తుపెట్టి. మీట మాత్రం నొక్కకు, ఏ విండో పెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ
పెద్దమ్మ